600 కిలోమీటర్లు మోసుకెళ్లే జాకీ ఎలా ఉండాలి

ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద తోలుకోనిచ్చే రోజుకి, మొదటిసారి వెళ్లేవాళ్లు టైర్ల గురించి అడుగుతారు, బ్రేక్ ప్యాడ్ల గురించి అడుగుతారు, ఏ హెల్మెట్ కొనాలో అడుగుతారు. జాకీ గురించి అడిగినవాళ్లని మాత్రం నేను చాలా తక్కువ చూశాను. కారు కొన్నప్పుడు కంపెనీవాళ్లు ఇచ్చింది ఒకటి డిక్కీలో స్టెప్నీ పక్కన ఉంది కదా, అది చాల్లే అనుకుంటారు. చాలదు. దారిలో పంక్చర్ పడితే ఒక టైరు మార్చుకుని ఇల్లు చేరడానికి ఇచ్చిన సరుకు అది. ట్రాక్ దగ్గర పొద్దున్నే నాలుగు చక్రాలూ మార్చాలి, మధ్యలో ప్యాడ్లు ఎంత అరిగాయో చూసుకోవాలి, ఒక్కోసారి బ్రేకులు బ్లీడ్ చేయాలి, అంటే బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలి తీసేయాలి, సాయంత్రం మళ్లీ నాలుగు చక్రాలూ మార్చి ఇంటిదారి పట్టాలి. ఇదంతా ఎండలో, సెషన్‌కీ సెషన్‌కీ మధ్య దొరికే కాస్త టైములోనే.

పైగా మన హైదరాబాద్ వాళ్లకి దూరం ఒకటి. ఇక్కడ పక్కా రేస్ ట్రాక్ లేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగిన మాట నిజమే కానీ అది మామూలు రోడ్లు మూసేసి కట్టిన 2.8 కిలోమీటర్ల తాత్కాలిక సర్క్యూట్. సొంత కారు తోలాలంటే చెన్నై పక్కన శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న 3.717 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కి పోవాలి, లేదంటే ఇంకా కిందికి కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వేకి. మిర్యాలగూడ, అద్దంకి మీదుగా ఒంగోలు దగ్గర చెన్నై హైవే ఎక్కి, నెల్లూరు, తడ దాటి చెన్నై ట్రాక్‌కి వెళ్లేసరికి 600 కిలోమీటర్ల పైమాటే. రేస్ టీములకి లారీ ఉంటుంది, ట్రైలర్ ఉంటుంది, మోసేవాళ్లు ఉంటారు. మనం ఏ కారుతో వెళ్తామో ఆ కారునే ట్రాక్ మీద తిప్పి, అదే కారులో తిరిగి రావాలి. నాది ఫోక్స్‌వ్యాగన్ పోలో టీఎస్ఐ. 280 లీటర్ల డిక్కీ. వెనక సీటు మడిచి నాలుగు ట్రాక్ చక్రాలు పేరిస్తే, ఒక్కోటి 16, 17 కిలోలు, అక్కడికే 65 కిలోలు దాటింది. మిగిలిన సందులో టూల్స్, బట్టలు, నీళ్లు, వాటితో పాటు ఈ జాకీ పట్టాలి. అందుకే ఏ జాకీ బలమైనది అన్న దగ్గర కాకుండా, మోయగలిగినవాటిలో నా కారుకి ఏది సరిపోతుంది అన్న దగ్గర మొదలుపెట్టాలి.

జాకీ కొనడానికి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లండి, ఏ షాపుకెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే. "ఎన్ని టన్నులది కావాలి సార్?" మనం ఏమీ చెప్పకపోతే 3 టన్నులది చూపిస్తారు, బరువు ఎక్కువుంటే గట్టిదని నమ్మకం. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా, "కింద ఎత్తు ఎంత అన్నా, పైన ఎత్తు ఎంత?" అని అడగండి. టేపు కూడా మీరే పట్టుకెళ్లండి.

టన్నుల సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. నా కారు మొత్తం బరువు 1,100 కిలోల చుట్టుపక్కల. జాకీ ఎప్పుడూ కారు మొత్తాన్ని మోయదు, ఒక మూలనో ఒక పక్కనో లేపుతుంది. ఒక పక్క మొత్తం గాల్లోకి లేచినా 550 కిలోలు. ఇంజిన్ ముందుంటుంది కాబట్టి ముందు భాగం మొత్తం ఒకేసారి లేపితే ఇంకో వంద కిలోలు ఎక్కువ పడుతుందేమో. 1.5 టన్నుల జాకీకి ఇది సగం పని కూడా కాదు. వర్టస్, ఐ20 లాంటివాటికైనా ఇదే లెక్క. 3 టన్నుల స్టీల్ ట్రాలీ జాకీ, అంటే కింద చక్రాలుండి హ్యాండిల్‌తో పంపు కొడితే లేచే రకం, వర్క్‌షాప్‌లో మహారాజు, కాదనను, వెడల్పుగా నేలకి అతుక్కున్నట్టు ఉంటుంది. కానీ 30 కిలోలు దాటిన ఇనుముని డిక్కీ అంచు మీదుగా లోపలికి దించి, మళ్లీ పైకి తీసే పని నడుము చేయాలి.

అసలు విషయం ఎత్తులు. ఇక్కడ కాస్త ఓపికగా చదవండి, డబ్బు ఆదా అయ్యేది ఇక్కడే.

ముందు మీ కారుకి జాకీ పెట్టే చోటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. చాలా కార్లలో తలుపుల కింద సిల్ అడుగున రెండు రేకులు కలిపి వెల్డ్ చేసిన అంచు ఒకటి కిందికి వేలాడుతుంటుంది, దాన్నే పించ్ వెల్డ్ అంటారు. ముందు చక్రం వెనకాల, వెనక చక్రం ముందర, అంచు మీద గుర్తులుంటాయి. నా కారుకి స్ప్రింగులు మార్చాను కాబట్టి ఓ 3 సెంటీమీటర్లు దిగింది, ఇప్పుడు ఆ అంచు నేలకి 17 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. ఇది గాలి సరిగ్గా ఉన్నప్పటి కొలత. ఇప్పుడు అదే మూల టైరులో గాలి మొత్తం తీసేసి మళ్లీ కొలవండి. చాలామంది ఈ పని చేయరు. కానీ జాకీ అత్యవసరంగా కావాల్సి వచ్చేది టైరు కూర్చున్నప్పుడే కదా! నా కారుకి గాలి తీస్తే ఆ అంచు 12 దగ్గరికి దిగుతుంది.

ఇక జాకీ వైపు లెక్క. బజారులో ఎక్కువగా దొరికే చిన్న ఎర్ర ట్రాలీ జాకీ, 2 టన్నులు అని రాసి ఉంటుంది, ప్లాస్టిక్ పెట్టెలో వస్తుంది, 8, 9 కిలోల బరువు. అది పూర్తిగా దించినప్పుడు 13.5 సెంటీమీటర్లు ఉంటుంది. దాని ఇనప గిన్నె నేరుగా పించ్ వెల్డ్‌కి తగిలితే అంచు వంగిపోతుంది, పెయింటు లేచిపోతుంది, తర్వాత వానాకాలం తుప్పు పని మొదలుపెడుతుంది. అందుకని మధ్యలో గాడి ఉన్న రబ్బరు ప్యాడ్ పెట్టాలి, అంచు గాడిలోకి దిగి బరువంతా ఇరుపక్కలా ఉన్న సిల్ అడుగు మీద పడాలి. ఆ ప్యాడ్ మందం 2.5 సెంటీమీటర్లు. అంటే జాకీ, ప్యాడ్ కలిపి 16. గాలి ఉన్న టైరుతో 17 సెంటీమీటర్ల సందులోకి 16 దూరుతుంది, ఫర్వాలేదు. టైరు కూర్చుంటే 12 సెంటీమీటర్ల సందులోకి 16 ఎలా దూరుతుంది? దూరదు. పక్కవాళ్లని బతిమాలుకోవాలి, లేదా కూర్చున్న టైరుతోనే కారుని చెక్క మీదకి ఎక్కించి రిమ్ము పాడుచేసుకోవాలి. బాగా కిందికి అణిగే లో ప్రొఫైల్ జాకీలు 8.5 నుంచి 9 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతాయి. 9కి ప్యాడ్ కలిపితే 11.5. సరిగ్గా దూరుతుంది, అంతే.

పై ఎత్తు సంగతి కూడా ఇలాంటిదే. బాడీ లేస్తుంటే చక్రం వెంటనే లేవదు, సస్పెన్షన్ సాగినంతసేపూ నేలనే పట్టుకుని ఉంటుంది. నా కారులో ఓ 9 సెంటీమీటర్లు లేపాకగానీ టైరు నేల వదలదు. ఆపైన కొత్త చక్రం బిగించడానికి ఇంకో 3 ఉండాలి. 17కి 12 కలిపితే 29. చిన్న జాకీలు చాలావరకు 30 నుంచి 33 దాకా లేస్తాయి కాబట్టి చక్రం మార్చడం వరకూ గట్టెక్కుతాయి. కానీ లేపిన కారు బరువు మోయడానికి కింద స్టాండు పెట్టాలంటే అలా కాదు. మామూలు 3 టన్నుల స్టాండు పూర్తిగా దించినా 28 సెంటీమీటర్ల దాకా ఎత్తుంటుంది, దాని పైన రబ్బరు, కింద చెక్క, అది లోపలికి జరపడానికి కాస్త ఖాళీ. అప్పుడు 35, 36 దాకా లేచే జాకీ లేకపోతే పని జరగదు.

ఇంత లెక్క వేశాక మిగిలినవి వాటంతటవే పక్కకి పోతాయి. సీసాలా నిలువుగా ఉండే బాటిల్ జాకీ చిన్నగా, చౌకగా, బలంగా ఉంటుంది, బొలెరోకి బ్రహ్మాండం, కానీ దాని కనీస ఎత్తే 16 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది, పైగా తల చిన్నది. సిగరెట్ లైటర్‌కి తగిలించే 12 వోల్టుల ఎలక్ట్రిక్ జాకీలు చాలావరకు మోటారు పెట్టిన స్క్రూ జాకీలే, మెల్లగా లేపుతాయి, అమ్మకో నాన్నకో కారులో పెట్టివ్వడానికి మంచివి, ట్రాక్‌కి కాదు. సైలెన్సర్ పొగతో ఉబ్బే గాలి సంచి జాకీ ఇసుకలో ఇరుక్కున్న జీపులకి పనికొస్తుంది, దాని మీద లేపిన కారుకి చక్రం తీయడానికి నేను చెయ్యి పెట్టను. ఇక విదేశాల్లో ట్రాక్ డేలకి వెళ్లే మనవాళ్లు క్విక్‌జాక్ గురించి గొప్పగా చెబుతారు, రెండు పొడవాటి ఫ్రేములు, హైడ్రాలిక్ పంపు, కారు మొత్తం ఒక్కసారే లేస్తుంది. చాలా మంచి వస్తువు. కానీ ఒక్కో ఫ్రేమే 30 కిలోలు దాటుతుంది, పికప్ ట్రక్కు ఉన్నవాళ్లకి అది పోర్టబుల్, పోలో ఉన్నవాళ్లకి కాదు.

కారుతో వచ్చిన స్క్రూ జాకీ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే దానికి డ్రిల్ మెషీన్ తగిలించి గిరగిరా తిప్పే వీడియోలు చూసి చాలామంది అది చాలనుకుంటున్నారు. ఆ జాకీ నాలుగు చేతుల చట్రం, మధ్యలో అడ్డంగా స్క్రూ. కిందికి అణిగి ఉన్నప్పుడే దానికి కష్టం ఎక్కువ. చేతులు నేలకి 15 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు స్క్రూ మీద పడే లాగుడు మోస్తున్న బరువుకి 3.7 రెట్లు ఉంటుంది, 45 డిగ్రీలకి లేచేసరికి బరువుతో సమానం అవుతుంది. అంటే టైరు కూర్చుని, కారు కిందికి దిగి ఉన్న సమయంలోనే మరలు ఎక్కువగా అరుగుతాయి. రోజులో ఇన్నిసార్లు ఎత్తి దించితే, అదీ మెషీన్‌తో వేగంగా తిప్పితే, గ్రీజు ఎండిపోయి మరలు తినేస్తాయి. ఇంకో సంగతి, దాని పాదం అరచేయంత ఉంటుంది. బిగుసుకున్న బోల్టు మీద వీల్ పానాతో ఊగితే కారు పక్కకి ఒరుగుతుంది. దాన్ని కారులోనే ఉంచండి, దారిలో పంక్చర్‌కి అదే దిక్కు, ఏడాదికోసారి గ్రీజు పెట్టండి.

ఇప్పుడు నేల గురించి. ట్రాలీ జాకీకి చక్రాలు ఎందుకున్నాయంటే తోసుకెళ్లడానికి అనుకుంటారు. అసలు కారణం వేరే. జాకీ చెయ్యి కీలు మీద తిరుగుతూ లేస్తుంది కాబట్టి దాని తల నిట్టనిలువుగా పైకి పోదు, విల్లు వంపులా వెనక్కి జరుగుతూ పోతుంది. పూర్తి ఎత్తుకి పోయేసరికి 8, 10 సెంటీమీటర్ల దాకా జరుగుతుంది. కారు కదలదు కాబట్టి జాకీయే ఆ మేరకు కారు కిందికి దొర్లాలి. నున్నటి సిమెంటు నేల మీద మనకి తెలియకుండానే దొర్లుతుంది. పిట్ గ్యారేజీలో చోటు దొరికితే సరే, దొరక్కపోతే బయట తారు మీదో, కంకర పరిచిన మట్టి మీదో నిలబెడతాం. మధ్యాహ్నం చెన్నై ఎండకి తారు మెత్తబడి జాకీ ఇనప చక్రాలు గుంట చేసుకుని అందులో కూర్చుంటాయి, లేదా చిన్న రాయి ఒకటి చక్రం ముందు అడ్డుపడుతుంది. జాకీ దొర్లదు, తల మాత్రం వెనక్కి పోతూనే ఉంటుంది, ఇక రబ్బరు ప్యాడ్ సిల్ మీద ఈడ్చుకుపోవడం మొదలవుతుంది. దగ్గరగా వంగి చూస్తే తెలుస్తుంది, ప్యాడ్ ఒక అంచు లేచి గాడి వంకరపోతుంది, రబ్బరు కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినగానే పంపు కొట్టడం ఆపి, దించి, మళ్లీ సర్దుకోవాలి. ఇంకో రెండు పంపులు కొడితే అయిపోతుందిలే అనుకునే చోటే కార్లు జాకీ మీంచి జారిపడతాయి.

అందుకని నాతో 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క ఒకటి వస్తుంది, జాకీ నిలబడడమే కాకుండా దొర్లడానికి కూడా చోటుండేంత పొడవు, అంటే 75 సెంటీమీటర్లకి తగ్గకుండా. 18 మిల్లీమీటర్లది ఇంకా గట్టిదే, కానీ చెక్క మందం కూడా జాకీ ఎత్తుకే కలుస్తుందని మర్చిపోవద్దు, ఆ పైన చెప్పిన 12 సెంటీమీటర్ల సందులో ఇవన్నీ పట్టాలి. టైరు కూర్చున్నప్పుడు అయితే గట్టి నేల దాకా మెల్లగా తోసుకెళ్లి చెక్క లేకుండానే పెట్టడం మేలు. చెక్కతో పాటు చిన్న చీపురు కూడా పట్టుకెళ్లండి. జాకీ పెట్టే చోటు ఊడ్చుకోవడానికి నిమిషం పట్టదు, కంకర బాధ పోతుంది. స్టాండ్ల కింద పెట్టడానికి విడిగా జానెడు చదరపు ముక్కలు కోయించుకోండి, వాటి కాళ్లు సన్నగా ఉంటాయి కాబట్టి మెత్తటి తారులో జాకీ కంటే ముందు అవే దిగబడతాయి.

స్టాండ్ల మాట వచ్చింది కాబట్టి ఒక చిక్కు చెప్పాలి. జాకీ కొన్నాక ఇంట్లో మొదటిసారి కారు లేపినప్పుడు అందరికీ ఎదురయ్యేదే. కారుకి జాకీ పెట్టే చోటు అక్కడ ఒక్కటే ఉంటుంది, ఆ చోట జాకీ ఉంది, మరి స్టాండు ఎక్కడ పెట్టాలి? జాకీ మీదే వదిలేసి పని చేసుకుందామంటే కుదరదు. హైడ్రాలిక్ జాకీ ఎత్తడానికే గానీ నిలబెట్టడానికి కాదు, ఒక సీలు లీకైతే చాలు. ఒట్టి చక్రం మార్చడమే అయితే నేను తీసిన చక్రాన్ని వెంటనే సిల్ కింద పడుకోబెడతాను, మన లారీ డ్రైవర్లకి ఎప్పటి నుంచో ఉన్న అలవాటు, కారు జారినా చక్రం మీద ఆగుతుంది. బ్రేక్ ప్యాడ్లని పట్టుకుని ఉండే కాలిపర్ విప్పాలన్నా, బ్లీడ్ చేయాలన్నా స్టాండు ఉండాల్సిందే.

దీనికి నాకు దొరికిన దారి, కారు సర్వీసుకి ఇచ్చినప్పుడు లిఫ్టు మీదకి ఎక్కించి మెకానిక్‌నే అడగడం. నా కారులో ముందు సబ్‌ఫ్రేమ్, అంటే ఇంజిన్ కింద సస్పెన్షన్‌ని పట్టుకుని ఉండే చట్రం, బాడీకి బిగించే చోటు దగ్గర జాకీ పెట్టి, సిల్ పాయింట్ స్టాండుకి వదలమని ఆయన చెప్పి, చూపించి, తెల్ల పెయింటు చుక్క కూడా పెట్టాడు. మీ కారుకి అది వేరే చోట ఉండొచ్చు, ఉండకపోవచ్చు కూడా, ఊహించి పెట్టొద్దు. ఆయిల్ సంప్ కింద, వెనక బీమ్ మధ్యలో పెట్టే పని అసలే వద్దు. ఇక్కడే పొట్టి జాకీకి, పొడుగు జాకీకి తేడా బయటపడుతుంది. ఆ సబ్‌ఫ్రేమ్ చోటు సిల్ కంటే లోపలికి ఉంటుంది, సిల్ కంటే కిందికి ఉంటుంది. చిన్న ఎర్ర జాకీ తల అక్కడిదాకా పోయేసరికి దాని హ్యాండిల్ సిల్‌కి కొట్టుకుంటుంది, పంపు కొట్టడానికి చోటు మిగలదు. పొడుగు చెయ్యి ఉన్న లో ప్రొఫైల్ జాకీ హాయిగా చేరుతుంది, హ్యాండిల్ బయటే ఉంటుంది. అమెరికాలో సేఫ్ జాక్ వాళ్ల రెన్‌స్టాండ్ అని ఒకటి అమ్ముతారు, జాకీ లేపిన పాయింట్ మీదే స్టాండుగా మారిపోతుంది. అక్కడున్న మనవాళ్లు దాన్ని చూడొచ్చు. ఇలాంటిది లోకల్ వెల్డింగ్ షాపులో చేయించుకోవాలన్న ఆలోచన మాత్రం నాకు నచ్చదు.

స్టాండులో కూడా రెండు రకాలు, పళ్ల మీద నిలబడేవి, అడ్డంగా పిన్ను దూర్చేవి. నేను పిన్ను రకమే తీసుకున్నాను, పిన్ను పూర్తిగా దూరిందో లేదో కంటికి కనబడుతుంది. అమెరికాలో 2020లో టూల్స్ అమ్మే హార్బర్ ఫ్రైట్ కంపెనీ తన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లని పెద్ద ఎత్తున వెనక్కి పిలిపించింది, బరువు మోస్తుండగా పళ్లు వదిలేసి కిందికి దిగే ప్రమాదం ఉందని. పళ్ల రకం కొన్నా తప్పు లేదు, అందులోనూ అదనంగా పిన్ను ఉన్నవి దొరుకుతాయి, అవి చూడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి హ్యాండ్ బ్రేక్. సెషన్ అయ్యి లోపలికి వచ్చినప్పుడు బ్రేకులు నిప్పుల్లా ఉంటాయి. అప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగకూడదు. నా కారుకి వెనక డ్రమ్ములు, వేడికి వ్యాకోచించి ఉంటాయి, అప్పుడు లాగి వదిలేస్తే చల్లారేటప్పుడు డ్రమ్ము కుంచించుకుని షూలని పట్టేస్తుంది. డిస్కులున్న కార్లలో ప్యాడ్ పదార్థం డిస్కుకి ఒకే చోట అంటుకుని తర్వాత బ్రేక్ వేసినప్పుడల్లా అదురుతుంది. సరే, హ్యాండ్ బ్రేక్ లేదు, గేరులో పెడదాం అనుకుంటే, ముందు చక్రాలతో నడిచే కారులో ముందు ఒక చక్రం గాల్లోకి లేవగానే గేరు పట్టు పోయినట్టే, రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం తిరిగిపోతుంది, నేల మీదున్నది దొర్లిపోతుంది. కాబట్టి జాకీ కొన్న రోజే చక్రాలకి అడ్డం పెట్టే రబ్బరు దిమ్మెలు కూడా కొనండి. ఒక జత చాలు, రెండు కిలోల బరువు. రాయి దొరుకుతుందిలే అనుకోవద్దు, ట్రాక్ పక్కన కార్లు నిలిపే పాడాక్‌లో కావాల్సిన సైజు రాయి దొరకదు, దొరికినా నున్నటి నేల మీద జారుతుంది.

షాపులో చూడాల్సిన విషయం ఇంకొకటుంది, దించడం. లేపడం అన్ని జాకీలూ లేపుతాయి. దించేటప్పుడు హ్యాండిల్ చివరతో వాల్వు తిప్పుతాం కదా, కొన్ని చౌక జాకీల్లో అది కాస్త తిరిగేదాకా ఏమీ జరగదు, ఇంకొంచెం తిరగగానే కారు ధబ్బున పడుతుంది. ఫోక్స్‌వ్యాగన్ కార్లకి చక్రానికి నట్లు ఉండవు, బోల్టులు ఉంటాయి, అంటే చక్రాన్ని తగిలించడానికి స్టడ్లు ఉండవు. చక్రాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని రంధ్రాలు కలిసేదాకా చూసి మొదటి బోల్టు దూర్చాలి. ఆ సమయంలో కారుని నాలుగైదు మిల్లీమీటర్లు పైకో కిందికో జరపగలిగితే ప్రాణం సుఖంగా ఉంటుంది. అందుకే షాపు ముందు మీ కారునే లేపి చూపించమనండి, మెల్లగా దించమనండి, మధ్యలో ఆపమనండి. అలా ఆపి పావుగంట వదిలేసి టేపుతో కొలవండి, ఒక్క సెంటీమీటరు దిగినా వేరేది తియ్యమనండి. మొహమాటం వద్దు. లేపేటప్పుడు పంపు ఎన్ని కొట్టాల్సి వస్తుందో కూడా చూడండి, జంట పిస్టన్లు ఉన్నవి బరువు తగిలేదాకా నాలుగైదు పంపుల్లోనే చేరుకుంటాయి. నాలుగు చక్రాలూ రెండు పూటలా మార్చేవాళ్లకి భుజాలు ఆ తేడా చెబుతాయి.

ఇదంతా లెక్కేసి నేను తీసుకున్నది 1.5 టన్నుల అల్యూమినియం లో ప్రొఫైల్ జాకీ. కింద 9, పైన 36 సెంటీమీటర్లు, బరువు 15 కిలోలు, హ్యాండిల్ రెండు ముక్కలుగా ఊడొస్తుంది. చిన్న ఎర్ర జాకీ ధరకి ఇది నాలుగైదు రెట్లు, తక్కువేమీ కాదు. మీ కారు కంపెనీ ఎత్తులోనే ఉండి, టైరు గాలి తీసి కొలిచినా 16 సెంటీమీటర్లు దాటి వస్తే, మీరు బ్రేకుల జోలికి పోకుండా చక్రాలు మాత్రమే మార్చుకునేవాళ్లయితే ఆ ఎర్ర జాకీయే కొనండి, మిగిలిన డబ్బుతో బోల్టుని కొలిచినట్టు బిగించే మంచి టార్క్ రెంచ్ కొనుక్కోండి. నిజంగా చెబుతున్నా, బోల్టులు 120 న్యూటన్ మీటర్లకి బిగించాల్సిన కారుని అందాజుగా కాలితో తొక్కి బిగించి ట్రాక్ మీదకి తీసుకెళ్లడం కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు.

ప్రయాణంలో జాకీని ఎలా పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. నేను ముందు సీటు వెనకాల కాళ్లు పెట్టుకునే గుంటలో అడ్డంగా పెట్టి సీటు పట్టాలకి బెల్టుతో కడతాను. సామాన్ల మీద ఎప్పుడూ పెట్టను, హైవే మీద గేదె అడ్డొచ్చి గట్టిగా బ్రేక్ వేస్తే 15 కిలోల జాకీ ముందుకి ఎలా వస్తుందో ఊహించుకోండి. జాకీ పూర్తిగా దించి, నేల మీద నిలబడినట్టే ఉంచాలి, తిరగేసినా నిలబెట్టినా నూనె కారుతుంది, పంపులోకి గాలి చేరుతుంది. గాలి చేరి లేవనంటే వాల్వు తెరిచి పదిహేను ఇరవై పంపులు ఖాళీగా కొట్టి, మూసి మళ్లీ చూడండి, చాలావరకు సర్దుకుంటుంది. నూనె తగ్గితే జాకీ నూనే పోయాలి, చేతిలో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే లోపల సీళ్లు ఉబ్బి జాకీ పోతుంది.

ట్రాక్ మీదకి దిగేముందు కారులో విడిగా ఉన్నదేదీ ఉంచనివ్వరు, స్టెప్నీ, జాకీ, నీళ్ల సీసా, మ్యాట్లు అన్నీ బయటికి తీయాలి. అంటే మీరు ల్యాపులు కొడుతున్నంతసేపూ జాకీ పాడాక్‌లో ఒంటరిగా ఉంటుంది. పెద్ద అక్షరాలతో పేరు రాయండి, ఎవరూ ఎత్తుకుపోరు గానీ అవసరం పడ్డవాళ్లు తీసుకుని ఎక్కడో పెడతారు. నీడలో పెట్టండి లేదా తడి గుడ్డ కప్పండి, ఎండలో ఉన్న అల్యూమినియం హ్యాండిల్ చేత్తో పట్టుకోలేం. రబ్బరు ప్యాడ్ కూడా ఎండకి పగులుతుంది, అది తీసి టూల్ బ్యాగులో వేసుకోవడం మంచిది.

నలుగురు కలిసి వెళ్తుంటే నలుగురూ నాలుగు జాకీలు మోయాల్సిన పనిలేదు, ఒక మంచి జాకీ, రెండు జతల స్టాండ్లు, ఒక గాలి పంపు మధ్యలో పెట్టుకుంటే సరిపోతుంది. కానీ అప్పుడు జాకీ ఎంచుకోవాల్సింది ఆ నలుగురిలో అన్నిటికంటే కిందికి ఉన్న కారుని బట్టి, టన్నులు చూడాల్సింది అన్నిటికంటే బరువున్న కారుని బట్టి. ఎవరిదైనా ఎలక్ట్రిక్ కారు ఉంటే బ్యాటరీ అడుగంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి కంపెనీ చెప్పిన చోట, దానికి సరిపడే ప్యాడ్‌తోనే లేపాలి, బరువు కూడా చాలావాటికి టన్నున్నర దాటుతుంది, అప్పుడు 2 టన్నులదో 2.5 టన్నులదో తీసుకోండి. ప్యాడ్లు ఎవరి కారువి వాళ్లు తెచ్చుకోవాలి, గాడి లోతు, వెడల్పు కారుకీ కారుకీ మారతాయి. బయల్దేరే ముందు ఆదివారం అందరూ ఒకచోట కలిసి అన్ని కార్లూ ఒకసారి లేపి దించి చూసుకోండి, టైరు గాలి తీసి ఒకసారి, ఉంచి ఒకసారి.